తులాధారుని తక్కెడ: స్వయంవృత్తివారి యోగక్షేమాలు



పరుల కొలువులో ఉన్నవానికి పని ఎప్పుడు మొదలుపెట్టవలెనో, ఎప్పుడు ముగించవలెనో చెప్పే యజమాని ఒకడుంటాడు. ఆ యజమాని దయాళువైతే సేవకునికి సుఖం, కఠినుడైతే దుఃఖం. సొంత దుకాణం పెట్టుకొన్నవారు, సొంత మగ్గం మీద నేసేవారు, కుట్టుపని, వడ్రంగం, బంగారుపని చేసుకొనేవారు, ఆటో నడుపుకొనేవారు, టిఫిను బండి పెట్టుకొన్నవారు, ఇంటివద్దనే కంప్యూటరు ముందు కూర్చొని దేశాంతరాలవారికి పని చేసిపెట్టేవారు, వీరందరి స్థితి వేరు. వీరిలో యజమానీ తానే, భృత్యుడూ తానే. పనిచేసేవాడు అలసినప్పుడు “ఇక చాలు, ఇంటికి పో” అని చెప్పవలసినవాడు కూడా తానే. ఆ మాట చెప్పడమే చాలామంది మరచిపోతున్నారు.

గృహస్థధర్మాలలో మనుస్మృతి 3వ అధ్యాయం చెప్పిన నియమం ఒకటి ఉన్నది. అతిథులు, ఇంటివారు, భృత్యులు భుజించిన పిదపనే గృహస్థదంపతులు భుజించవలెనని దాని భావం. యజమాని అన్నవాడు తనను ఆశ్రయించి పనిచేసేవాని ఆకలిని ముందు చూడవలెను. ఈ నియమాన్ని స్వయంవృత్తివారికి అన్వయించి చూడండి. మీలోని యజమాని మీలోని భృత్యునికి వేళకు అన్నం పెడుతున్నాడా? నిద్రపోనిస్తున్నాడా? పండుగనాడైనా సెలవిస్తున్నాడా? ఎదుటివానిని ఇట్లా పనిచేయిస్తే లోకం మిమ్మల్ని నిర్దయుడంటుంది. మీ శరీరంతో మీరే చేయిస్తే అదే లోకం కష్టజీవి అని మెచ్చుకొంటుంది. మెప్పు మాట అట్లా ఉంచి, ధర్మం ఏమంటున్నదో ఈ పాఠంలో విచారిద్దాం.

యోగం, క్షేమం

యోగక్షేమాలు అనే మాట మనం ఉత్తరాలలో కుశలప్రశ్నగా వాడుతుంటాం. అది రెండు వేరువేరు పదాల కూడిక. లభించనిదానిని సంపాదించడం యోగం. లభించినదానిని కాపాడుకోవడం క్షేమం. పెద్దలు ఈ రెండింటిని విడదీయకుండా ఒకే సమాసంలో కూర్చి పలికారు. కారణం స్పష్టం. యోగం లేకపోతే కాపాడుకోవడానికి ఏమీ ఉండదు. క్షేమం లేకపోతే సంపాదించినది నిలవదు.

వ్యాపారి దృష్టి సహజంగా యోగం మీదనే ఉంటుంది. కొత్త సరుకు, కొత్త గిరాకీ, రెండో దుకాణం, మరొక యంత్రం, ఇవన్నీ యోగాలే. ఇవి తప్పు కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో నాలుగు విద్యలను పేర్కొంటూ కృషి, పశుపాలనం, వాణిజ్యం కలిసిన వార్త అనే విద్యను త్రయితోబాటు లెక్కించాడు. అర్థార్జనం అంతటి గౌరవం గలది. అయితే ఇదివరకే లభించినవి కొన్ని ఉన్నాయి: ఆరోగ్యం, దాంపత్యం, పిల్లల బాల్యం, తల్లిదండ్రుల సన్నిధి, నాలుక మీద నిలిచిన మాట, భగవంతుని యందు భక్తి. వీటిని ఎవరూ దుకాణపు జాబితాలో వ్రాసుకోరు. వ్రాసుకోనందువల్ల అవి తరిగిపోతున్న సంగతి కూడా తెలియదు. బియ్యపు బస్తాలో ఎలుక పడితే మరునాడే తెలుస్తుంది. ఇంట్లో మాటలు తగ్గిపోతే ఏళ్లు గడిచిన తరువాత తెలుస్తుంది.

తులాధారుని వృత్తాంతం

మహాభారతం శాంతిపర్వంలో తులాధార జాజలి సంవాదం ఉన్నది. జాజలి అనే మునీశ్వరుడు కొయ్యవలె కదలక నిలిచి తపస్సు చేశాడు. ఆయన జటలలో పిచ్చుకలు గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలను చేసి, ఎగిరిపోయాయి. అంతవరకు చలించని తనవంటి ధర్మాత్ముడు లేడని ఆయనకు గర్వం కలిగింది. అప్పుడు ఆకాశం నుండి ఒక వాక్కు వినిపించింది: వారణాసిలో తులాధారుడనే వర్తకుడున్నాడు, ధర్మంలో నీవు అతనికి సాటిరావు, అతడు కూడా నీవలె గొప్పలు చెప్పుకోడు అని. జాజలి వెదుక్కొంటూ వెళ్లగా ఆ వర్తకుడు అంగడిలో సరుకులు అమ్ముకొంటూ కనిపించాడు. లేచి స్వాగతం చెప్పి, ముని వచ్చిన కారణం తానే వివరించాడు.

తులాధారుని తపస్సు ఏమిటి? సుగంధద్రవ్యాలు, రసద్రవ్యాలు అమ్మడం. మద్యం మాత్రం అమ్మకపోవడం. మోసం లేకుండా తూచడం. తన తక్కెడవలె సర్వప్రాణుల యందు సమంగా ఉండడం. ఆయన అంగడి విడిచి అడవికి పోలేదు. అంగడినే ఆశ్రమం చేసుకొన్నాడు.

ఇందులో పనితీరుకు సంబంధించిన రహస్యం కూడా ఒకటి ఉన్నది. మనుస్మృతి 4వ అధ్యాయంలో వాణిజ్యానికి సత్యానృతం అనే పేరున్నది. నిజమూ అబద్ధమూ కలగలిసే వృత్తి అని దాని భావం. ఒకే తూకం, ఒకే ధర గలవానికి ఒకే లెక్క. మనిషిని బట్టి ధర మార్చేవానికి ఎవరికి ఏమి చెప్పాడో గుర్తుంచుకోవడమే ఇంకొక ఉద్యోగం. దర్జీ “రేపు ఇస్తాను” అని పదిమందికి చెబితే మరునాడు పదిమందికీ సమాధానం చెప్పుకోవడంలోనే సగం పూట పోతుంది. నలుగురికి మాత్రమే ఒప్పుకొని, మిగిలినవారికి “ఈ వారం కాదమ్మా, వచ్చే బుధవారం” అని చెప్పినవాడు ఆ సగం పూట కుట్టుపనికే వాడుకొంటాడు. సత్యం పుణ్యప్రదమన్నది అందరూ ఎరిగినదే. అది కాలాన్ని కూడా మిగులుస్తుందన్నది వ్యాపారులు గమనించవలసిన విషయం.

ఇక తక్కెడ సంగతి. సమతూకం అనగానే కొందరు గంటలు లెక్కవేస్తారు: వ్యాపారానికి ఎనిమిది, ఇంటికి ఎనిమిది, నిద్రకు ఎనిమిది అని. ఇది అందరికీ సాధ్యం కాదు. తెల్లవారకముందే కూరగాయల మార్కెట్టుకు వెళ్లేవానికి, రాత్రి పదివరకు మందుల దుకాణం తెరిచి ఉంచవలసినవానికి ఈ లెక్క కుదరదు. తక్కెడ నేర్పే సమత్వం వేరు. ఒక సిబ్బెలో పత్తి, ఒక సిబ్బెలో ఇనుము పెట్టి చూడండి. పత్తి కొండంత, ఇనుము పిడికెడంత ఉన్నా ముల్లు నడుమ నిలుస్తుంది. వ్యాపారానికి ఇచ్చే పదిగంటలు పత్తి వంటివి, పరిమాణంలో పెద్దవి. బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకొని బడి ముచ్చట్లు వినే అరగంట ఇనుము వంటిది, చిన్నదైనా బరువైనది. అయితే ఆ అరగంట ఇనుముగానే ఉండవలెను. ఒక చేత్తో బిడ్డ తల నిమురుతూ ఇంకొక చేత్తో ఫోనులో గిరాకీలకు జవాబులిస్తే అది కూడా పత్తి అయిపోతుంది. అప్పుడు ముల్లు ఒరిగిపోక తప్పదు.

అంగడి, ఇల్లు

అరణ్యపర్వంలోని ధర్మవ్యాధుని కథ మీరు ప్రవచనాలలో విన్నదే. కౌశికుడనే బ్రాహ్మణుడు కోపదృష్టితో కొంగను చంపి, భిక్షకై ఒక ఇంటికి వెళ్లాడు. ఆ ఇల్లాలు భిక్ష తెస్తుండగా ఆకలితో భర్త వచ్చాడు. ఆమె ఆయనకు ముందు వడ్డించి, ఉపచరించి, తరువాత భిక్ష తెచ్చింది. బ్రాహ్మణుడు కోపించగా తాను కొంగను కాదని ఆమె నవ్వుతూ చెప్పి, మిథిలానగరంలోని ధర్మవ్యాధుని వద్దకు వెళ్లమన్నది.

ఇక్కడ మనకు కావలసిన అంశాలు రెండు. మొదటిది, ఆ ఇల్లాలు చేసిన పని. ఒకేసారి రెండు బాధ్యతలు ఎదురైనప్పుడు ఆమె రెండింటినీ సగం సగం చేయలేదు. ఒకటి పూర్తిచేసి రెండోదానికి వచ్చింది. వేచి ఉన్నవానికి క్షమాపణ చెప్పుకొన్నది కాని, అతని కోపానికి బెదరలేదు. ఇంటినుండి వ్యాపారం చేసే నేటి స్త్రీలు, పచ్చళ్లు పట్టి పంపేవారు, చీరలు అమ్మేవారు, ట్యూషన్లు చెప్పేవారు ఈ విషయం గ్రహించవలెను. మోగిన ప్రతి ఫోనూ అప్పటికప్పుడు ఎత్తవలసిన అతిథి కాదు. ఆ ఇంటి పురుషులు కూడా ఒక విషయం గ్రహించవలెను. ఇల్లాలు రెండు వృత్తులు చేస్తుంటే ఇంటిపనిలో పాలు పంచుకోవడం భర్తకు చిన్నతనం కాదు, సహధర్మచారం అనే మాటకు అది అర్థం.

రెండవది, ధర్మవ్యాధుడు చేసిన పని. కౌశికుడు వచ్చేసరికి ఆయన అంగడిలో కొనుగోలుదారుల మధ్య ఉన్నాడు. అతిథిని చూసి నమస్కరించి, ఈ చోటు మీకు తగినది కాదు, ఇంటికి వెళదామని చెప్పి తీసుకొని వెళ్లాడు. ఇంట్లో తన వృద్ధులైన తల్లిదండ్రులను చూపించి, వీరే నాకు ప్రత్యక్షదైవాలని పరిచయం చేశాడు. అంగడి మాటలు అంగడిలో, ఇంటి ధర్మం ఇంటిలో. ఈ రెండింటికి నడుమ ఆయనకు ఒక గడప ఉన్నది.

నేడు ఆ గడప చెరిగిపోయింది. డబ్బు అందిందని పలికే పెట్టె దుకాణంలో ఉంటే, దాని సందేశం పడకగదిలో ఉంటుంది. రాత్రి పదకొండింటికి ఒక ఆర్డరు, తెల్లవారుజామున ఒక ఫిర్యాదు. గడప లేని ఇంటికి గడప కట్టుకోవడమే ఇందుకు మార్గం. దుకాణం మూసిన తరువాత వ్యాపారపు ఫోనును దేవునిగూటి దగ్గరో, వీధిగదిలోనో ఒక చోట ఉంచండి. కాళ్లు కడుక్కొని ఇంట్లోకి రావడం మన పూర్వాచారం. ఆ నీళ్లు వీధి ధూళితోబాటు వీధి ఆలోచనలను కూడా కడగడానికే అని భావించండి.

కాలవిభాగం

దక్షస్మృతి పగటిని ఎనిమిది భాగాలు చేసి, ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క కర్తవ్యాన్ని నిర్దేశించింది. పగలు 12 గంటలనుకొంటే ఒక భాగం ఒకటిన్నర గంట. ప్రాతఃకృత్యాలు, వేదాభ్యాసం అయిన పిదప మూడో భాగం పోషింపవలసినవారికోసం అర్థార్జనానికి, నాలుగోది మధ్యాహ్నస్నానానికి, అయిదోది అందరికీ పంచి భుజించడానికి, ఆరు, ఏడు భాగాలు ఇతిహాసపురాణాలకు, ఎనిమిదోది లోకవ్యవహారానికి. ఒకటిన్నర గంట సంపాదనతో ఇల్లు గడిచే కాలం కాదిది. అద్దె ఉన్నది, బ్యాంకు కిస్తు ఉన్నది, జీఎస్టీ గడువు ఉన్నది. ఆ విభాగాన్ని యథాతథంగా పాటించమని ఎవరూ చెప్పలేరు. కాని అందులోని సూత్రం నేటికీ చెల్లుతుంది. అర్థార్జనానికి ఒక మొదలు, ఒక తుద ఉన్నాయి. మిగిలిన కర్తవ్యాలకు కూడా పేరు పెట్టిన కాలం ఉన్నది. పేరు పెట్టని కాలాన్ని వ్యాపారం మింగివేస్తుంది.

కౌటిల్యుడు రాజుకు చెప్పిన దినచర్య మరింత ఆశ్చర్యకరం. రాజ్యమంతటి వ్యాపారం నడిపేవానికి కూడా పగటి ఎనిమిది భాగాలలో మూడోది స్నానభోజన స్వాధ్యాయాలకు, ఆరోది స్వేచ్ఛావిహారానికి గాని మంత్రాలోచనకు గాని కేటాయించాడు. రాత్రి నాలుగు, అయిదు భాగాలు నిద్రకు. ఇంత చెప్పి, రాజు తన శక్తిని బట్టి ఈ విభాగాన్ని మార్చుకోవచ్చునని కూడా చెప్పాడు. శాస్త్రం కఠినమనుకొనేవారు ఈ చివరి మాట గమనించవలెను. అందరికీ ఒకే కొలత అంగీ కుట్టమని ఏ ఋషీ చెప్పలేదు.

మన సందర్భంలో దీన్ని ఇట్లా అన్వయించుకోవచ్చు. ఏ వృత్తిలోనైనా పనులు మూడు విధాలు. బుద్ధి నిలకడ కోరేవి, చేతులకు అలవాటైనవి, మనుషులతో మాట్లాడవలసినవి. దర్జీకి గుడ్డ కత్తిరించడం మొదటి విధం. ఒకసారి తప్పు కత్తిరిస్తే మళ్లీ అతకదు. మిషను కుట్టు రెండో విధం. కొలతలు తీసుకోవడం, బట్టలు అప్పగించడం మూడో విధం. కత్తిరింపు ఉదయం మనస్సు తేటగా ఉన్నప్పుడు, కుట్టు మధ్యాహ్నం, ఇచ్చిపుచ్చుకోవడం సాయంత్రం అని నియమించుకొన్న దర్జీకి ఒక దినంలో ఎక్కువ పని సాగుతుంది, తప్పులు తగ్గుతాయి. అన్నీ అన్ని వేళలా చేసేవాడు రోజంతా అలసిపోయి, పనులు మాత్రం మిగుల్చుకొంటాడు.

శరీరం మొదటి మూలధనం

చరకసంహిత సూత్రస్థానం 7వ అధ్యాయంలో ఆపకూడని వేగాలను 13గా లెక్కించారు. మలమూత్రాలు, తుమ్ము, ఆవులింత, ఆకలి, దప్పిక, నిద్ర, శ్రమవల్ల కలిగే ఆయాసం మొదలైనవి అందులో ఉన్నాయి. వీటిని బలవంతంగా ఆపడం రోగహేతువని ఆచార్యుల నిర్ణయం. ఒంటరిగా దుకాణం నడిపేవారు ఈ జాబితాను ఒకసారి తమ దినచర్యతో పోల్చి చూసుకోవలెను. గల్లాపెట్టె విడిచి లేవలేక మూత్రాన్ని ఆపుకొనేవారు, బేరం పోతుందని మధ్యాహ్నభోజనాన్ని నాలుగింటికి జరిపేవారు, బయట సౌకర్యం లేక నీళ్లే తాగడం మానుకొన్న స్త్రీలు ఎంతమందో! పక్క దుకాణంవానిని పిలిచి “పది నిమిషాలు చూడు బాబూ” అని చెప్పడానికి మొగమాటమెందుకు? అతనికీ ఆ అవసరం ఉంటుంది. ఇరుగుపొరుగు అంగళ్లవారు ఒకరికొకరు ఈ పాటి ఉపకారం చేసుకొంటే ఎవరి బేరమూ పోదు, ఇద్దరి ఆరోగ్యమూ నిలుస్తుంది.

భగవద్గీత 6వ అధ్యాయం ఆహారవిహారాలలో, కర్మలలో, నిద్రాజాగరణలలో మితం పాటించేవానికే యోగం దుఃఖనాశకమవుతుందని బోధించింది. భగవానుడు అతినిద్రను ఎంతగా నిషేధించాడో అతిజాగరణను కూడా అంతగానే నిషేధించాడు. నిద్ర మాని పనిచేయడాన్ని తపస్సనుకోవడానికి ఆయన మాటలో ఆధారం లేదు.

విరామం కూడా విధియే

మేము చదువుకొన్న సంప్రదాయ పాఠశాలలలో ఆదివారం సెలవు ఉండేది కాదు. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పూర్ణిమ లేక అమావాస్య అనధ్యాయాలు. పక్షానికి 4, నెలకు 8 దినాలు. ఆ దినాలలో వేదపాఠం చెప్పడం, చదవడం రెండూ నిషిద్ధం. ఎంత శ్రద్ధగల విద్యార్థి అయినా, గురువు అనుగ్రహించి చెబుతానన్నా కూడదు. వేదాధ్యయనంకంటె గొప్ప పని మాకు లేదు. అటువంటి పనికే శాస్త్రం తలుపు వేసి గడియ పెట్టింది. ఆనాడు బట్టలు ఉతుక్కొనేవాళ్లం, పుస్తకాలు ఎండబెట్టేవాళ్లం, ఏటికి ఈతకు పోయేవాళ్లం. విదియనాడు పాఠానికి కూర్చొంటే స్వరం తేటగా పలికేది.

వృత్తిపనివారికి కూడా మన సంప్రదాయం ఇటువంటి విరామమే ఇచ్చింది. దసరాలో ఆయుధపూజనాడు కమ్మరి సుత్తి, వడ్రంగి ఉలి, లారీవాని బండి, మెకానిక్కు పానాలు కడిగి, పసుపుకుంకుమలు పెట్టి పూజలో ఉంచుతారు. పూజలో ఉన్న పనిముట్టును పనికి వాడరు. పనిముట్టుకే ఒక దినం విశ్రాంతి అవసరమని గుర్తించిన జాతి, దాన్ని పట్టుకొనే చేతికి విశ్రాంతి అవసరం లేదనుకోవడం న్యాయమా?

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. ఒకసారి ప్రవచనానంతరం దేవాలయవీధిలో పూజాసామగ్రి దుకాణం నడిపే ఒకాయన నా వద్దకు వచ్చి అన్న మాటలివి: “అయ్యగారూ, ఇరవైరెండేళ్లుగా స్వామి రథం నా కొట్టు ముందునుంచే పోతున్నది. ఒక్కసారి కూడా తాడు పట్టలేదు. పిల్లలను ఎత్తుకొని చూపించలేదు. ఉత్సవాల మూడు రోజుల బేరమే నాకు నాలుగు నెలల అద్దె. ఆ వేళ మూస్తే ఎదుటి కొట్టుకు పోతారు. దీనికి మీ శాస్త్రం ఏం చెబుతుంది?”

అది తేలికగా తీసివేయదగిన ప్రశ్న కాదు. అంగడి మూసి స్వామిని సేవించు, అన్నీ ఆయనే చూసుకొంటాడు అని చెప్పడం వక్తకు సులభం. అద్దె కట్టవలసినది వక్త కాదు గదా. అందుకని నేను ఒకటే అడిగాను. “నాయనా, సరిగ్గా రథం నీ కొట్టు ముందు కదిలే ఆ సేపు ఎన్ని కొబ్బరికాయలు అమ్ముతావు?” ఆయన కొంచెం ఆలోచించి, నవ్వి, “ఆ సేపు ఎవరు కొంటారండీ! అందరూ రథం దగ్గరే ఉంటారు” అన్నాడు. ఇరవైరెండేళ్లు ఆయనను కట్టివేసింది బేరం కాదు, బేరం పోతుందన్న భయం. మరుసటి ఏడు ఆయన ఒక ఘడియ, అంటే 24 నిమిషాలు, దుకాణానికి దుప్పటి కప్పి వచ్చి తాడు పట్టాడు. ఆయన భార్య, ఎదిగిన కుమారుడు పక్కనే ఉన్నారు. పిల్లలను ఎత్తుకొని చూపించే వయస్సు మాత్రం దాటిపోయింది. ఆ మాట ఆయనే చెప్పి కొంగుతో కళ్లు తుడుచుకొన్న భార్యవైపు చూశాడు.

ఈ సంగతి ఇక్కడ చెప్పడానికి కారణం ఉన్నది. విరామం ఇవ్వలేని పరిస్థితులు నిజంగానే కొన్ని ఉంటాయి. వాటిని భయం కల్పించిన పరిస్థితులనుండి వేరుచేసి చూడవలెను. ఏ రోజు, ఏ గంట నిజంగా బేరం ఉంటుంది, ఏ గంట అలవాటుగా కూర్చొంటున్నాం అన్నది ఒక నెలపాటు కాగితం మీద వ్రాసి చూస్తే తెలుస్తుంది. వ్రాసి చూడనివానికి ప్రతి గంటా పండుగ గిరాకీలాగే కనిపిస్తుంది.

లెక్క ఒక వేళకు, ధనం అయిదు పాళ్లకు

తిరుమల క్షేత్రంలో ప్రతి ఉదయం స్వామికి కొలువు జరుగుతుంది. కొలువు శ్రీనివాసమూర్తిని ఆసీనుని చేసి, పంచాంగం వినిపించి, ముందుదినపు ఆదాయవివరాలను విన్నవిస్తారు. నువ్వులు, బెల్లం నివేదన చేస్తారు. లెక్క అపవిత్రం కాదని, దేవుని సన్నిధిలో చదవదగినదని దీనివల్ల తెలుస్తున్నది. ఇంకొక విషయం కూడా తెలుస్తున్నది. లెక్కకు ఒక వేళ ఉన్నది. అది చదివి ముగించిన తరువాత అర్చన, నివేదన, దర్శనం వరుసగా సాగి, రాత్రి ఏకాంతసేవతో తలుపులు మూతపడతాయి. వ్యాపారి కూడా దినానికొకసారి, ఒక వేళకు కూర్చొని రాకపోకలు వ్రాసుకొని పుస్తకం మూయవలెను. పుస్తకంలో వ్రాయని లెక్క పడుకొన్న తరువాత తలలో తిరుగుతుంది.

వ్యాపారపు డబ్బు, ఇంటి డబ్బు ఒకే గల్లాలో కలిపి ఉంచడం మరొక పొరపాటు. గల్లానుండి ఎంత తీశామో తెలియక, లాభం వస్తున్నదో నష్టం వస్తున్నదో తెలియక అప్పులపాలయ్యేవారున్నారు. మీ భృత్యునికి, అంటే మీకు, నెలకింత అని జీతం నిర్ణయించి ఇంటికి పంపండి. మిగిలినది వ్యాపారానిది.

ఆ మిగిలినదాని విషయంలో భాగవతం అష్టమస్కంధంలో శుక్రాచార్యులు బలిచక్రవర్తికి చెప్పిన విభాగం గృహస్థులకు ఉపయోగకరం. ధర్మానికి, కీర్తికి, తిరిగి అర్థాన్ని పెంచడానికి, తన సుఖానికి, తనవారికి అని ధనాన్ని అయిదు విధాల వినియోగించేవాడు సుఖపడతాడని దాని సారం. ఆ సందర్భంలో బలి ఇచ్చిన మాట తప్పడానికి ఒప్పుకోలేదు, అది ఆయన మహత్త్వం. అయినా లెక్కగా శుక్రనీతి దోషరహితమే. ఇందులో వ్యాపారంలో తిరిగి పెట్టవలసినది ఒక పాలు మాత్రమే. తన సుఖానికి ఒక పాలు, తనవారికి ఒక పాలు ఉన్నాయి. సంపాదించినదంతా మళ్లీ సరుకులోనే పోసేవాడు నాలుగు పాళ్లకు ద్రోహం చేస్తున్నాడు.

దాతలైన పాఠకులకు కూడా ఒక మాట. దేవాలయానికి, అన్నదానానికి మీరిచ్చే ప్రతి రూపాయీ పవిత్రమైనది. కాని తనవారు కష్టంలో ఉండగా వారిని విడిచి బయటివారికి చేసే దానాన్ని మనుస్మృతి 11వ అధ్యాయం ధర్మంగా అంగీకరించలేదు. పనివానికి జీతం బకాయి పెట్టి హుండీలో వేసిన సొమ్ము, తల్లి వైద్యం వాయిదా వేసి చేయించిన కల్యాణోత్సవం స్వామికి ప్రీతికరం కావు. ఇంటి క్షేమం చూసుకొని ఇచ్చిన పదిరూపాయలు ఆయనకు చాలు.

అప్పు గురించి యక్షప్రశ్నలు మరువరాదు. ఎవడు సుఖి అన్న ప్రశ్నకు ధర్మరాజు ధనరాశులను చెప్పలేదు. అప్పు లేకపోవడం, సొంత ఇంటిపట్టున ఉండడం, పొద్దెక్కిన తరువాతనైనా ఇంట వండిన ఆకుకూరతో తృప్తిగా భుజించడం చెప్పాడు. వ్యాపారానికి కొంత అప్పు అనివార్యం. పద్మావతీపరిణయానికై శ్రీనివాసుడే కుబేరుని వద్ద ఋణం తీసుకొన్నాడని మన క్షేత్రకథ. అయితే ఆ ఋణానికి ఒక ప్రయోజనం, ఒక పత్రం, వడ్డీ చెల్లింపు ఉన్నాయి. పక్క దుకాణంవానికంటె పెద్ద బోర్డు పెట్టడానికి చేసే అప్పుకు ఆ కథలో ఆధారం వెదకరాదు.

ఆచరణకు కొన్ని నియమాలు

చదివినదంతా ఒక్కసారి ఆచరించడం కష్టం. ఈ క్రిందివాటిలో ఏదో ఒకటి ఈ మాసంలో మొదలుపెట్టండి.

1. ఉదయం దుకాణం తెరిచేముందు దీపం వెలిగించిన వెంటనే, ఈనాడు తప్పక పూర్తిచేయవలసిన మూడు పనులు వ్రాసుకోండి. నాలుగోది వ్రాయవద్దు.

2. మధ్యాహ్నభోజనానికి ఒక వేళ నిర్ణయించి, ఆ వేళను బోర్డు మీద వ్రాసి పెట్టండి. కొన్నాళ్లకు గిరాకీలు కూడా దానికి అలవాటుపడతారు.

3. రాత్రి లెక్క వ్రాసిన తరువాత వ్యాపారపు ఫోను గడపకు అవతల ఉంచండి.

4. వారానికి ఒక పూట అనధ్యాయంగా పాటించండి. వారం కుదరనివారు పక్షానికొక పూట పాటించండి. ఏకాదశియో, అమావాస్యయో మీ వృత్తికి అనుకూలమైనది చూసుకోండి.

5. తల్లిదండ్రుల ఆబ్దికం, పిల్లల పుట్టినరోజు, ఇలవేల్పు ఉత్సవం ఉగాదినాడే పంచాంగం చూసి క్యాలెండరులో గుర్తుపెట్టుకోండి. ముందు గుర్తుపెట్టిన దినాన్ని గిరాకీలు ఆక్రమించలేరు.

6. నెలకొకసారి భార్యాభర్తలు కలిసి ఆదాయవ్యయాలు చూసుకోండి. ఇంటివారికి తెలియని అప్పు ఏదీ ఉంచవద్దు.

తక్కెడ ముల్లు ఎప్పుడూ కదలకుండా నిలిచి ఉండదు. సరుకు వేసినప్పుడల్లా ఇటూ అటూ ఊగుతుంది. పెళ్లిళ్ల కాలంలో వ్యాపారంవైపు ఒరుగుతుంది, ఇంట్లో జబ్బు వస్తే ఇంటివైపు ఒరుగుతుంది. ఊగడం దోషం కాదు. ఒకవైపే ఒరిగి అక్కడే తుప్పుపట్టి నిలిచిపోవడం దోషం. మంచి వర్తకుడు తూచేముందు సిబ్బెలు ఖాళీచేసి ముల్లు నడుమకు వచ్చిందో లేదో చూసుకొంటాడు. ప్రతిరాత్రి నిద్రకుపక్రమించేముందు, చేసిన కర్మను భగవంతునికి సమర్పించి రెండు సిబ్బెలు ఖాళీచేయండి. మరునాటి తూకం సరిగా సాగుతుంది.

స్వామి అనుగ్రహంతో మీ అందరి యోగక్షేమాలు వర్ధిల్లుగాక!

స్వస్తి.